బొగ్గు మీసం

కిందటి వారం కొండకు వెళ్ళి గుండు చేయించుకున్నాను. మొక్కు నాది కాదు, మా అమ్మది. నాకు ఉద్యోగం వస్తే తలనీలాలు ఇప్పిస్తానని మొక్కుకుంది. తీర్చడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. తల, మీసం రెండూ ఇచ్చి, నెత్తికి గంధం పూసుకుని సత్రం గదికి వచ్చేసరికి మా పాప నన్ను చూసి గట్టిగా ఏడ్చి వాళ్ళమ్మ కుచ్చిళ్ళ వెనక దాక్కుంది. ఇంకా మూడేళ్ళు నిండలేదు. ఎంత పిలిచినా రాలేదు. "ఆ మామను పొమ్మను" అంది.

నా భార్యకు నవ్వు ఆగలేదు. సంచిలోంచి కాటుక డబ్బీ తీసి, "ఉండండి, మీసం దిద్దుతా. అప్పుడొస్తాది" అంటూ వేలు ముంచి నా ముఖం దగ్గరకు తెచ్చింది.

ఆమె చెయ్యి పట్టుకుని ఆపేశాను. కాస్త గట్టిగానే పట్టుకున్నట్టున్నాను, నవ్వు ఆపేసి నా ముఖంలోకి చూసింది. ఏమైందంటే ఏమీ లేదన్నాను. వరండాలోకి వచ్చి మెట్టు మీద కూర్చున్నాను. గంధం ఆరి నెత్తి బిగుస్తోంది. ఎవరో తడి బట్టలు పిండుతున్నారు. పక్క గదిలో పులిహోర పొట్లం విప్పిన వాసన. ఆ మూడూ కలిసేసరికి, అణిచిపెట్టినది పైకి వచ్చింది.

మాది తిరుపతి. నాయనకు బట్టల అంగడి ఉండేది. నేను చదివిన హైస్కూల్లో ఒక స్కౌటు దళం ఉండేది. అందులో చేరేవాడి దగ్గర ఉండవలసినవి: ఖాకీ నిక్కరు, ఖాకీ చొక్కా, మెడకు ఆకుపచ్చ స్కార్ఫు, నల్ల బూట్లు, ఈల, నడుముకు చుట్టుకునే తాడు, అంగుళాల గీతలు గీసిన కర్ర. ఈ వరస ఇప్పటికీ నోటికి వస్తుంది. నాయన తానులోంచి ఖాకీ గుడ్డ చించి ఇస్తూ, "ఇది యేసుకోని ఏం సేస్తార్రా మీరు?" అని అడిగాడు.

"సేవ."

"ఎవురికి?"

"అందరికీ."

"అందరికీ తర్వాత సేద్దువు. ముందు ఆ చీరలు మడతబెట్టు. అదీ సేవే" అన్నాడు.

మా డ్రిల్లు సారే స్కౌటు సారు కూడా. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ముక్కుపొడి వాసనతో ఉండేవారు. ఆయన మాకు పెట్టిన నియమం ఒకటుంది. పొద్దున లేస్తూనే స్కార్ఫు కొసకు ముడి వేసుకోవాలి. ఆ రోజు ఎవరికైనా ఒక మంచిపని చేసిన తర్వాతే దాన్ని విప్పాలి. సాయంత్రం డ్రిల్లులో ఆయన వరసగా కొసలు చూస్తూ నడిచేవారు. ముడి ఇంకా ఉన్నవాడు మైదానం చుట్టూ పరుగెత్తాలి.

దాంతో బడికి వచ్చే దారిలోనే మా వేట మొదలయ్యేది. తిరుపతిలో యాత్రికులకు కొదవ లేదు గాని, ఆకుపచ్చ స్కార్ఫులకూ కొదవ లేదు. బస్టాండులో ముసలాయన ఎవరైనా దిగితే ఇద్దరం చెరో సంచీ పట్టుకుని లాగేవాళ్ళం. ఒకసారి అట్లా లాగితే ఆయన చెప్పు తీసుకుని, "దొంగ నాయాళ్ళారా, ఖాకీలేసుకోని మరీ వస్తిరా" అని మమ్మల్ని టిక్కెట్ల కిటికీ దాకా తరిమాడు. ఆ తరిమించుకున్న రెండోవాడు నా స్నేహితుడు. బక్కోడు అని పిలిచేవాళ్ళం. వాడు దారిలో ఒక దూడకు అరటితొక్క పెట్టి ముడి విప్పేసుకున్నాడు. అది చెల్లదన్నాను. "ఆవుకు సేస్తే సేవ గాదని యాడ రాసుండాది, సూపించు" అన్నాడు. నేను నిజంగానే పుస్తకం తెచ్చి వెతికాను. నేను అట్లాంటివాణ్ణి. ముళ్ళన్నీ తప్పు లేకుండా వేసేవాణ్ణి, వరసలన్నీ గుర్తుపెట్టుకునేవాణ్ణి. అందుకే సారు నన్ను మా జట్టుకు నాయకుణ్ణి చేశారు.

నెలకొక ఆదివారం కొండ కింద మామిడితోపులో క్యాంపుఫైరు జరిగేది. ఇళ్ళల్లోవాళ్ళందరూ వచ్చేవాళ్ళు. అమ్మలు గిన్నెలు మోసుకొచ్చేవాళ్ళు. ఒకరిది రాగిసంగటి, ఒకరిది చెనక్కాయల చట్నీ, ఒకరిది అలసంద వడలు, మా అవ్వది చింతపండు పులుసులో ఉడికించిన వంకాయ. మంట చుట్టూ కూర్చుని తిని, పాటలు పాడి, నాటికలు వేసేవాళ్ళం. బక్కోడు ఏ వేషమైనా కట్టేవాడు. పొయ్యిలోంచి బొగ్గు తీసి, ఉమ్మి తడిపి, ఎవరికి కావాలంటే వాళ్ళకు మీసం దిద్దేవాడు. కోరమీసం, తుమ్మెద మీసం, పోలీసు మీసం. మా అవ్వ పళ్ళులేని నోటితో నవ్వి నవ్వి పక్కనున్నవాళ్ళ మీద పడేది.

ఆ ఏడు ఉత్సవాలకు మా దళాన్ని కొండ మీదికి పంపారు. మాకు అప్పగించిన పనులు: ముసలివాళ్ళకు వేడినీళ్ళు కాచి ఇవ్వడం, చెప్పులు వరసలో పెట్టించడం, తప్పిపోయిన పిల్లల పందిరి చూసుకోవడం. పందిరి మా జట్టుకు వచ్చింది. కొబ్బరాకుల పందిరి, కింద ఒక జంపఖానా, పక్కన వేడినీళ్ళ పొయ్యి. ఎటు చూసినా గుండ్లు. గంధం పూసిన పసుపుపచ్చని గుండ్లు, పూయని తెల్లని గుండ్లు, మగవాళ్ళవి, ఆడవాళ్ళవి, చంటిపిల్లలవి. పొద్దున్నే పొగమంచులో అవన్నీ ఒకదాని వెనక ఒకటి కదిలిపోతుంటే బక్కోడు, "ఇందులో మన నాయనలుండినా మనం గుర్తుపట్టలేమురా" అన్నాడు. అందరం నవ్వాం. ఆ మాట అన్నవాడూ, విన్న నేనూ కూడా అందులో ఏముందో ఆలోచించలేదు.

సారు మాకు ఒకే జాగ్రత్త చెప్పారు. "బిడ్డ ఎవురి దగ్గరికి తనంతట తాను పోతాదో వాళ్ళకే ఇయ్యాల. ఏడిస్తే ఇయ్యగూడదు. ఎవురొచ్చి అడిగినా సరే." దానికి తోడు నేను అడగవలసిన ప్రశ్నలు తయారు చేసుకున్నాను. బిడ్డ పేరు, వయసు, ఊరు, పుట్టిన నెల, పుట్టుమచ్చలు.

ఉత్సవాల్లో ఒక మధ్యాహ్నం ఒక పాపను ఎవరో తెచ్చి దించిపోయారు. ఎర్ర గౌను, నూనె పెట్టి బిగించిన పిలక, ముక్కు కారుతోంది. పేరడిగితే "అమ్మణ్ణి" అంది. మా వైపు ఇంటింటా ఒక అమ్మణ్ణి ఉంటుంది. నాయన పేరడిగితే "నాయన" అంది. మీ నాయన ఎట్లుంటాడు అంటే రెండు చేతులూ మూతి దగ్గర పెట్టి, వేళ్ళు చెంపల మీదికి జార్చి, "ఇంత మీసం" అంది.

నేను ఆ మాట చీటీ మీద రాసి మైకు గదికి పంపాను. కాసేపటికి కొండంతా వినిపించింది. ఎర్ర గౌను పాప దొరికింది, పెద్ద మీసాలున్న తండ్రి ఎక్కడున్నా పిల్లల పందిరి దగ్గరికి రావాలి. తెలుగులో, తమిళంలో, కన్నడంలో చెప్పారు. మగవాడన్నవాడు మీసం ఇచ్చేయడానికి వచ్చే చోట పెద్ద మీసాల మనిషిని రమ్మని పిలిపించాను. పక్కన అంతమంది ఉన్నారు, ఒక్కరికీ తట్టలేదు.

వచ్చినవాడికి మీసం లేదు. ముప్పై ఏళ్ళుంటాయేమో. ముతక పంచె, భుజాన తుండు, నున్నటి గుండు. మీసం ఉండే చోట చర్మం మిగతా ముఖం కంటే తెల్లగా ఉంది. దూరం నుంచే "అమ్మణ్ణీ" అంటూ చేతులు చాపి పరుగెత్తుకొచ్చాడు. పాప అతన్ని చూసి పెద్దగా అరిచి నా మోకాళ్ళు చుట్టేసుకుంది.

ఆ పట్టు ఇప్పటికీ గుర్తుంది. నాకు గర్వంగా అనిపించింది. బిడ్డ నన్ను నమ్మింది అనుకున్నాను.

"నా బిడ్డ సామీ" అన్నాడు.

కర్ర అడ్డం పెట్టి, "ఆగండి. పుట్టుమచ్చలు యాడుండాయి?" అన్నాను.

"తెల్దు సామీ. వాళ్ళమ్మకు తెలుస్తాది. ఆయమ్మ నీళ్ళాడి పసిబిడ్డతో ఇంటికాడుండాది."

"పుట్టిన నెల?"

"చెరుకు నరికేటప్పుడు."

"నెల పేరు చెప్పండి."

కొంచెంసేపు ఆలోచించి తల అడ్డంగా ఊపాడు.

"పాప వాళ్ళ నాయనకు పెద్ద మీసాలంట. మీ మీసాలు యాడ?"

"ఇప్పుడే ఇచ్చేసినా గదా సామీ."

చుట్టూ చేరినవాళ్ళు నవ్వారు. అతను వాళ్ళ వైపు చూడలేదు. నా వైపే చూస్తూ చెప్పాడు. బిడ్డకు మొన్న అమ్మవారు పోసింది. ఒళ్ళంతా కాలిపోతుంటే అతని మీసం పట్టుకునే పడుకునేది. మామూలుగా కూడా అంతే, మీసం గుప్పిట్లో ఉంటేనే నిద్ర. బతికితే తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నాడు.

"తల గొరిగినాయన మీసం మింద గూడా కత్తి పెట్టేసినాడు సామీ. దేవునికిచ్చేటప్పుడు ఇది వద్దని ఎట్లనేది? లేసి నిలబడి 'పోదాం రామ్మా' అంటి. నన్ను సూసి బెదిరిపోయింది. 'మా నాయన యాడ, మా నాయన యాడ' అనుకుంటా నన్నే ఎతుక్కుంటా జనంలో పడి పరిగెత్తింది. అద్దం గూడా లేదు. నా మొగం ఎట్లుండాదో నాకేం తెలుసు?"

ఇప్పుడు రాస్తుంటే ఇది అబద్ధం ఎట్లా అవుతుందని అనిపిస్తుంది. అప్పుడు నాకు వినపడింది ఒకటే. ఇందులో నా ప్రశ్నలకు జవాబు లేదు. మీ ఊరివాళ్ళను ఎవరినైనా సాక్ష్యం తెచ్చుకోమన్నాను. అందరూ దర్శనం వరసలో కూర్చున్నారు, తలుపులు వేశారు, సాయంత్రానికి గాని బయటికి రారు అన్నాడు. మీది ఏ ఊరంటే, "ఐరాల పక్కన" అని ఒక చిన్న ఊరి పేరు చెప్పాడు.

గుంపులో ఒకామె తమలపాకు నములుతూ, "పిల్లోళ్ళని ఎత్తకపోయేవోళ్ళు గుండు కొట్టించుకోని తిరగతా ఉండారంటమ్మా. ఎవురూ గుర్తుపట్టకుండా" అంది. ఆ మాట వెనకవరసకు పాకింది. ఒకడు అతని భుజం మీది తుండు పట్టుకున్నాడు. "ఒరే, పారిపోతాడు, పట్టుకోండి."

అతను కదల్లేదు. నాతో నెమ్మదిగా అన్నాడు.

"బిడ్డనియ్యొద్దు సామీ. ఆ మూల కూర్చుంటా. సాయంత్రం దాకా కూర్చుంటా. నన్ను సూస్తా సూస్తా అదే వస్తాది. కూర్చోనిస్తే చాలు."

"కుదరదు" అన్నాను. "పాప బెదురుతోంది. పందిట్లో పెద్దవాళ్ళు కూర్చోకూడదు."

అట్లాంటి నియమమేమీ లేదు. సారు అప్పుడు చెప్పుల దగ్గరికి వెళ్ళి ఉన్నారు. అడగడానికి ఎవరూ లేరు, అడగాలని కూడా నాకు అనిపించలేదు. తుండు పట్టుకున్నవాడు దాన్ని అతని మెడకు బిగిస్తున్నాడు. అప్పుడే బక్కోడు వేడినీళ్ళ పొయ్యిలోంచి ఆరిన బొగ్గు ఒకటి పట్టుకొచ్చి, "రేయ్, మీసం పెట్టి సూస్తే పోలేదా" అన్నాడు.

గుంపంతా ఒక్కసారి తేలికపడింది. తుండు వదిలేశారు. అతన్ని జంపఖానా అంచున కూర్చోబెట్టారు. వెనకున్నవాళ్ళు చూడటానికి ముందుకు తోసుకున్నారు. బక్కోడు బొగ్గు తడిపి, క్యాంపుఫైరులో దిద్దినట్టే, చెంపల దాకా పైకి తిప్పి కోరమీసం దిద్దాడు. అతను కళ్ళు మూసుకుని ముఖం ఎత్తి పెట్టాడు. గుంపు నవ్వింది. ఎవరో ఈల వేశారు.

కళ్ళు తెరవకుండానే అతను అన్నాడు. "అంత లేదు సామీ. కిందికి వాలినట్టు ఉంటాది."

ఆ మాటకు ఇంకా నవ్వారు. నేనూ నవ్వాను. నా మోకాలు పట్టుకున్న పాప ఒక్కతే నవ్వలేదు.

బక్కోడు తుడిచి మళ్ళీ దిద్దాడు. ఈసారి వాలుగా. తుడిచిన మసి చెంపలంతా అంటుకుంది. అతను కళ్ళు తెరిచి, "అమ్మణ్ణీ" అన్నాడు. పాప నన్ను వదిలింది. ఒక అడుగు, ఇంకో అడుగు. దగ్గరికి వెళ్ళి, చెయ్యి పెట్టి మీసం పట్టుకోబోయింది. పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. చేతిలోకి చూసుకుంది. వేళ్ళన్నీ నల్లగా ఉన్నాయి. మళ్ళీ అతని ముఖంలోకి చూసింది. తర్వాత అతని మెడలో ముఖం దాచుకుంది.

అందరూ చప్పట్లు కొట్టారు. అతను బిడ్డను ఎత్తుకుని, తుండు ముఖానికి చుట్టుకుని, మేము ఇవ్వబోయిన నీళ్ళు కూడా తీసుకోకుండా జనంలోకి వెళ్ళిపోయాడు. మీసం తుడుచుకోలేదు.

సాయంత్రం సారు అంతా విని మమ్మల్ని వరసలో నిలబెట్టారు. నా స్కార్ఫు ముడినీ, బక్కోడి ముడినీ ఆయనే తన చేత్తో విప్పారు. నియమం తప్పకుండా బిడ్డను కాపాడినందుకు నాకు, సమయానికి ఉపాయం తట్టినందుకు బక్కోడికి.

తర్వాతి క్యాంపుఫైరులో దాన్ని నాటిక కట్టాం. పేరు "మీసాల నాయన". బక్కోడి పాత్ర బక్కోడిదే. పాపగా ఒక చిన్నపిల్లవాడికి ఎర్ర గౌను తొడిగాం. ఆ మనిషి వేషం నాకు ఇచ్చారు, దగ్గరగా చూసింది నేనే కాబట్టి. నటన రాదని నన్ను ఎప్పుడూ మంట ఎగదోసే పనికే పెట్టేవాళ్ళు. ఇందులో మాత్రం నాకు ఎక్కడలేని పేరు వచ్చింది. తలకు తెల్లగుడ్డ బిగించుకుని "సామీ, సామీ" అంటూ చేతులు నలిపేవాణ్ణి. "చెరుకు నరికేటప్పుడు" అనేవాణ్ణి. చివర్లో కళ్ళు మూసుకుని, "అంత లేదు సామీ, కిందికి వాలినట్టు ఉంటాది" అనేసరికి తోపంతా నవ్వులతో దద్దరిల్లేది. ఆ మాట చెప్పేముందు ఎంతసేపు ఆగితే నవ్వు ఎంత పెరుగుతుందో నాకు కొలత తెలిసిపోయింది.

మా అవ్వ మాత్రం మొదటిసారి నవ్వి, రెండోసారి నుంచి నవ్వలేదు. ఒక రాత్రి అన్నం పెడుతూ, "ఆ మనిషి ఏమన్నా అన్నాడా అబ్బోడా?" అని అడిగింది.

"ఏమీ అనలా."

"అనడులే" అంది. పులుసు గిన్నె నా ముందుకు జరిపింది.

మరుసటి సంవత్సరం చలికాలంలో పల్లె సేవకు మమ్మల్ని ఐరాల వైపు తీసుకెళ్ళారు. నాకు గుర్తు రాలేదని చెప్పలేను. సారు ఐరాల అనగానే గుర్తొచ్చింది. ఆ పక్కన ఊళ్ళు చాలా ఉంటాయిలే అనుకున్నాను. ఏ ఊరని అడగనూ లేదు.

చెరకు గానుగల కాలం. ఊరు ఇంకా దూరం ఉండగానే పాకం కాగే వాసన ఎదురొచ్చింది. బడిలో దిగాం. పగలంతా పని. మురికికాలవ పూడిక తీశాం. ఇంకుడుగుంతలు తవ్వాం. బడి గోడలకు సున్నం కొట్టాం. ఇంటికొకరం చొప్పున పంచుకుని మాకు అన్నం పెట్టారు. నాకు పెట్టిన ముసలామె సంగటి ముద్ద మీద వేలితో గుంట చేసి నెయ్యి పోస్తూ, "మీయమ్మ ఎట్లా పంపిచ్చిందప్పా నిన్ను, ఈ బురద ఎత్తేదానికి" అని రోజూ అడిగేది. చేతులు బొబ్బలెక్కాయి. సంతోషంగా ఉంది. పనిలో పడి ఆ మనిషి సంగతి మరిచిపోయాను.

ఆఖరి సాయంత్రం ఊరి నడిమధ్య మంట వేశాం. ఊరంతా వచ్చింది. పాటలు అయ్యాయి. "మీసాల నాయన ఆడండిరా" అన్నారు సారు. గుడ్డ బిగించుకుని వెలుగులోకి వచ్చాను. తిరుపతిలోకంటే ఇక్కడ ఎక్కువ నవ్వారు. మాట వాళ్ళదే కదా, యాస వాళ్ళదే. బక్కోడు కోరమీసం దిద్దాడు. నేను కళ్ళు మూసుకుని, ఆగవలసినంతసేపు ఆగి, ఆ మాట అన్నాను.

నవ్వు మధ్యలో ఒక చిన్నగొంతు స్పష్టంగా వినిపించింది.

"నాయనా, అది మనమే గదా?"

కళ్ళు తెరిచాను. మంట అవతల, రెండో వరసలో, భుజం మీద పాపను కూర్చోబెట్టుకుని అతను. మీసం మళ్ళీ పెరిగింది. ఒత్తుగా, కిందికి వాలి. పాప ఒక చేత్తో అతని తల పట్టుకుని, రెండో చేత్తో నన్ను చూపిస్తోంది.

"నాయనా, కొండ మింద మనమే గదా? బొగ్గు."

చుట్టుపక్కల తలలన్నీ అతని వైపు తిరిగాయి. ఒకాయన తొడ చరిచి, "ఏం మామా, ఇది నీ కతంట గదా? మాకు సెప్పనే లేదే" అన్నాడు. ఇంకొకడు నా గొంతుతోనే, "అంత లేదు సామీ" అన్నాడు. అంతే, ఆ సాయంత్రం అంతవరకు వచ్చిన నవ్వులన్నీ కలిపినా ఆ నవ్వంత ఉండవు. అతను చిన్నగా నవ్వాడు. నవ్వి, మీసం మీద చెయ్యి వేసుకుని, వెంటనే ఆ చెయ్యి తీసేశాడు. పాపను భుజం మీంచి దించి చంకన వేసుకుని, జనంలోంచి దారి చేసుకుంటూ వెళ్ళిపోయాడు. మామూలుగా నడిచి వెళ్ళాడు. తొందరపడలేదు.

నేను బొగ్గు మీసంతో మంట ముందు నిలబడి ఉన్నాను. తర్వాతి మాట నాదే. రాలేదు. మరిచిపోయానని అనుకుని బక్కోడు అందించాడు.

తెల్లారి మేము మూటలు కట్టుకుంటుండగా అతను బడికి వచ్చాడు. చేతిలో అరిటాకు, ఆకులో అప్పుడే దించిన బెల్లం, ఇంకా ఆవిరి వస్తోంది. "ఊరికి వచ్చినోళ్ళు కొత్త బెల్లం తినకుండా పోతే ఎట్లా" అంటూ సారుకు ఇచ్చాడు. ఆయనకు ఇతనెవరో తెలియదు. నిన్న రాత్రి ఎందుకు నవ్వారో కూడా ఆయనకు సరిగా అర్థమైనట్టు లేదు. దండం పెట్టి తీసుకున్నారు. అతను గోడ దగ్గర తాడు చుట్టుకుంటున్న నా దగ్గరికి వచ్చాడు. లేచి నిలబడ్డాను. చెప్పవలసిన మాటలు వరసగా పేర్చుకుందామని చూశాను.

అతనే అన్నాడు. "ఆ పొద్దు కొండ మింద నువ్వు బిడ్డనియ్యలేదే, అది మంచిపనే సామీ. అడిగినోళ్ళకంతా ఇచ్చేస్తే ఎట్లా? ఇంటికొచ్చి మా ఇంటిదాంతో గూడా అదే అంటి, ఆ పిలకాయలు గట్టోళ్ళని. తక్కింది ఊళ్ళో ఎవురికీ సెప్పలా. పాప గూడా మరిచిపోయిందనుకుంటి."

తుండుతో చేతులు తుడుచుకున్నాడు. చేతులకు ఏమీ అంటి లేదు.

"ఆట మాత్రం ఆడొద్దండప్పా" అన్నాడు.

"ఆడం" అన్నాను. అతను తల ఊపి, "బెల్లం ఎచ్చగుండగానే తిను" అని వెళ్ళిపోయాడు.

ఆ రోజు స్కార్ఫు ముడి విప్పలేదు. బెల్లం తినలేకపోయాను. బక్కోడికి ఇచ్చాను. వాడూ ఆకు చేతిలో పట్టుకుని చాలాసేపు ఊరికే కూర్చున్నాడు.

బస్సు కోసం రోడ్డెక్కేసరికి ఊళ్ళో పిల్లలందరూ సాగనంపడానికి వచ్చారు. కుర్రవాళ్ళు, ఆడపిల్లలు, చంకలో ఉన్నవాళ్ళతో సహా ప్రతి ముఖానికీ బొగ్గు మీసం ఉంది. కొందరికి పైకి తిరిగి, కొందరికి కిందికి వాలి. బస్సు కదిలితే వెంట పరుగెత్తుతూ, చేతులు నలుపుతూ, "సామీ, సామీ, అంత లేదు సామీ" అని అరిచారు. సారు కిటికీలోంచి చెయ్యి ఊపారు. ఆ పిల్లల్లో ఎర్ర గౌను ఉందేమోనని నేను చూడలేదు. తల వంచుకుని కర్ర మీది అంగుళాల గీతలు చూస్తూ కూర్చున్నాను.

ఆ ఊళ్ళో మేము చేసి వచ్చినవి: ఒక శుభ్రమైన మురికికాలవ, కొన్ని ఇంకుడుగుంతలు, సున్నం కొట్టిన బడిగోడ, ఒక మనిషికి ఒక కొత్త పేరు. కాలవ వానలకు మళ్ళీ పూడిపోయి ఉంటుంది. గోడ మాసిపోయి ఉంటుంది. పల్లెలో ఒకసారి పడిన పేరు పోదు. ఏ పెళ్ళిలోనో ఏ పంచాయితీలోనో అతను మాట్లాడటానికి లేచినప్పుడు ఎవరో ఒకరు వెనకనుంచి ఆ మాట అనకుండా ఉంటారా?

మేము మళ్ళీ ఆ నాటిక ఆడలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు. నేను చదువుకి, ఆ తర్వాత ఉద్యోగానికి ఊరు విడిచాను. కొలతల పని, గీతల పని. నియమాలు రాసి ఇచ్చే పని కూడా ఉంటుంది అప్పుడప్పుడు. అందులో ఏదైనా కొత్త నియమం రాసేటప్పుడు నా చెయ్యి కాసేపు ఆగుతుంది. ఆగడం వల్ల ఏం మారుతుందో చెప్పలేను.

సత్రం మెట్టు మీద అట్లాగే కూర్చున్నాను. నా భార్య రెండుసార్లు వచ్చి, చలిగాలి వీస్తోంది లోపలికి రమ్మంది. ఉంటానన్నాను. పాప తలుపు పక్కనుంచి తొంగిచూసి వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చింది. గడప మీద కూర్చుంది. నేను తిరిగి చూడలేదు, పిలవలేదు. మాడవీధుల వైపు నుంచి మేళం వినిపిస్తుంటే, పాప ఇంట్లో నేను పాడే పాటను తనలో తాను అనుకుంటోంది. మధ్యలో ఒక చోట మాట మరిచిపోయింది. నేను అందించాను. ఎండ మెట్ల మీంచి దిగిపోయాక, వెనకనుంచి ఒక చిన్న చెయ్యి నా నెత్తి మీద ఆనింది. గంధం పొడి రాలింది.

"సల్లగుండాది నాయనా" అంది.

సాయంత్రం దాకా పట్టింది, అంతే. ఆ మూల కూర్చోనిమ్మని ఆ మనిషి ఆ రోజు నన్ను అడిగింది ఇంతసేపే.